బండ కట్టే ముందు రెండు చుట్లు

2025 జులై 6, ఆదివారం

ముప్పై ఎనిమిదేళ్ళయింది. బైరప్ప ఇంతవరకు నా పేరు చెప్పలేదు.

గూళూరు జాతరలో బండలాగుడు పందెం. బైరప్ప నాకు మేనత్త కొడుకు, బావ అవుతాడు. వాడి ఎద్దులు రెండూ మంచివే. కానీ ముందు రెండేళ్ళూ సగం దూరంలోనే మోకాళ్ళ మీద పడ్డాయి. మూడో ఏడు నేను చెప్పాను. కొట్టంలోంచి తెచ్చింది తెచ్చినట్టే బండ కట్టొద్దు, ఉత్త కాడితో రెండు చుట్లు తిప్పు, వాటి నరాలు వెచ్చబడనీ, అప్పుడు కట్టు అని. తిప్పాడు. గెలిచాడు. వెండి కడియం తొడిగారు. మైకు చేతికిచ్చి ఎలా గెలిచావప్పా అని అడిగితే, అంతా మా ఎద్దుల సత్తువ అన్నాడు. నేను ముందు వరసలోనే నిలబడి ఉన్నాను. నా వైపు చూసి మరీ అన్నాడు.

ఆ ఎద్దులు పోయాయి. కడియం అరిగింది. ఇద్దరమూ ఊరు వదిలి చింతామణిలో ఇళ్ళు కట్టుకున్నాం. నేను ఈ సంగతి కనబడిన ప్రతివాడికీ చెప్పాను. వాడు మాత్రం ఒక్కడికీ చెప్పలేదు.

ఈ డైరీ కూడా వాడి కొడుకు దర్శన్ ఎరువుల అంగడిది. జనవరిలో పంచాడు. మొదటి పేజీలో బైరప్ప ఫోటో వేసుకున్నాడు, మీసాలకు రంగు వేసి. దాని మీద కాలెండరు ముక్క అంటించేశాను. షుగర్ డాక్టరు రోజూ అంకె రాసుకోమంటే దీన్ని బయటికి తీశాను. ఈరోజు 168.

నా తెలుగు అక్షరాలు బడివి కావు. హిందూపురం బెల్లం మండీలో మూటల మీద పేర్లు చదివి నేర్చుకున్నవి. ఉండేది కన్నడ సీమలోనే అయినా, కన్నడం బస్సు బోర్డు వరకే వస్తుంది. ఇంగ్లీషు రాదు. తప్పులుంటే ఉండనీ. నేను ఎవరికోసమూ రాయడం లేదు.

డాక్టరు నడవమన్నాడు. ఇంటి ముందు రోడ్డు తవ్వి మూడు నెలలయింది, ఎక్కడ నడిచేది. మా మనవరాలు మేఘ, టీవీ ముందు నిలబడి పరుగెత్తే ఆట ఒకటుంది, అరవై దాటినవాళ్ళకు పొద్దున ఏడింటికి ఆడిస్తారు, రా తాతా అంది. చిన్నపిల్లల ఆటలు నాకెందుకు అన్నాను. బైరప్ప తాత నెల రోజులుగా వస్తున్నాడు, అందరికన్నా ఎక్కువ స్కోర్ అంది.

రేపు పోతాను.


జులై 7, సోమవారం

మొబైల్ అంగడి పైన మేడ. గోడంత టీవీ. నేల మీద రబ్బరు మ్యాట్. నడిపేది రూపేష్. ముప్పై లోపే ఉంటాయి. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం వదిలి వచ్చి ఇది పెట్టాడు. వాడూ, వాళ్ళమ్మా దీని మీదే బతకాలి. సాయంత్రాలు కుర్రకారు వస్తారు, పొద్దున మాలాంటివాళ్ళు తొమ్మిది మంది.

పంచె ఎగగట్టుకుని వెళ్ళాను. ప్యాంటు వేసుకు రమ్మన్నాడు, పంచె కాళ్ళకు అడ్డం పడుతుందట. డెబ్బై ఒక్క ఏళ్ళుగా పడనిది ఇప్పుడు పడుతుందా అన్నాను.

చేతికొక కడ్డీ ఇచ్చాడు. దానికో తాడు, అది మణికట్టుకు వేసుకోవాలి. తొడకు ఒక పట్టీ. ఆ రెండిటినీ బట్టి మనం ఏం చేస్తున్నామో టీవీకి తెలుస్తుందట. టీవీలో మనలాంటి బొమ్మ ఒకటి దారి వెంట పరుగెత్తుతుంది. అడ్డంగా మొద్దులు వస్తాయి, ఎగరాలి. కొమ్మలు వస్తాయి, వంగాలి. నా బొమ్మకు మీసం లేదు. మీసం లేకపోతే ఆడనన్నాను. రూపేష్ పెట్టాడు.

ఆటకు ముందు టీవీ నిండా ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. రూపేష్ నిలబడి ఒక్కొక్కటీ తెలుగులో చెప్తాడు. చేతులు చాపినంత మేర చుట్టూ ఖాళీ ఉండాలట. తడి కాళ్ళతో మ్యాట్ ఎక్కకూడదట. తాడు వేసుకోకపోతే కడ్డీ ఎగిరి పక్కవాడి మొహానికి తగులుతుందట. బీపీ, గుండె ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి రావాలి. ఎద పట్టేసినా కళ్ళు తిరిగినా ఆపేయాలి. అన్నిటికన్నా ముందు ఐదు నిమిషాలు వార్మప్. ఊరికే కవాతు, చేతులు తిప్పడం, కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తి దించడం.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి ఇచ్చేది ఆటా, పురుగుల మందా అని అడిగాను. అందరూ నవ్వారు. బైరప్ప నవ్వలేదు. వాడు అప్పటికే కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తి దించుతున్నాడు, బడిలో దండన పడినవాడిలాగ.


జులై 8

తొడలు పట్టేశాయి. ఎవరికీ చెప్పలేదు.


జులై 11, శుక్రవారం

స్కిప్ నేర్చుకున్నాను. మేఘ ఆడేటప్పుడు చూశాను. కడ్డీ మీద కింది బటన్ మూడు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంటే జాగ్రత్తలూ పోతాయి, వార్మప్పూ పోతుంది. నేరుగా దారి వస్తుంది. మధ్యలో ఒకసారి ఏదో అడుగుతుంది. ఏమడుగుతుందో నాకు తెలీదు. మళ్ళీ నొక్కితే ఊరుకుంటుంది.

రూపేష్ చూసి బటన్ మీంచి నా వేలు తీశాడు. ఐదు నిమిషాలే కదా తాతా అన్నాడు. ఆ ఐదు నిమిషాల్లో నేను మడి నీళ్ళు మళ్ళించి వచ్చేవాణ్ణి అన్నాను. గానుగ తిప్పాను, బావి తవ్వాను, మూటలు మోశాను. ఏ రోజూ ఎవడూ నన్ను ముందు చేతులు ఊపమనలేదు. నేను పుట్టిందే వెచ్చగా.

రూపేష్ చూస్తున్నప్పుడు చేస్తున్నాను. చూడనప్పుడు నొక్కుతున్నాను.


జులై 16, బుధవారం

మోకాలు కొంచెం పలుకుతోంది. మా ఇంటావిడ వెంకటలక్ష్మమ్మ ఆముదం రాస్తూ, ఒళ్ళు వేడెక్కించుకోకుండా ఎగిరావా అని అడిగింది. మేఘ చెప్పి ఉంటుంది. ఎద్దులకు చెప్పిన బుద్ధి ముప్పై ఎనిమిదేళ్ళు నా చెవుల్లో పోశావు, నీకు మాత్రం అక్కర్లేదా అంది.

ఎద్దు వేరు, నేను వేరు అన్నాను.

అవును, ఎద్దు చెప్తే వింటుంది అంది.

139.


జులై 19, శనివారం

శనివారం బోర్డు మీద పేర్లు రాస్తారు. బైరప్ప మొదటి పేరు. రెండో పేరు నాది. మధ్య తేడా నలభై. వచ్చి రెండు వారాలు కూడా కాలేదు నేను.

రూపేష్ చప్పట్లు కొట్టించాడు. ఎలా తాతా అని బైరప్పను అడిగాడు. ఓపిక అన్నాడు. నా వైపు చూడలేదు. చూసి అన్నా కోపం వస్తుంది, చూడకపోయినా వస్తుంది.

వచ్చే శనివారం ఆ బోర్డు మీద నా పేరు పైన ఉండాలి.


జులై 22, మంగళవారం, ఉదయం 9.30

అక్షరాలు వంకరగా పడుతున్నాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తుంపర పడుతుంటే మిగతావాళ్ళు రాలేదు. నేనూ బైరప్పా ఇద్దరమే. రూపేష్ నీళ్ళ క్యాను తేవడానికి కిందికి దిగాడు. దిగుతూ, ఇద్దరూ వార్మప్ చేస్తూ ఉండండి, నేను వచ్చాకే ఆట అన్నాడు. టీవీలో బైరప్ప పేరు పెట్టి ఉంది. వాడి వంతు. కడ్డీ మాత్రం నా చేతిలో ఉంది, వాడు తొడ పట్టీ బిగించుకుంటుంటే పట్టుకున్నాను.

వాడు కుర్చీ దగ్గరకు వెళ్ళాడు. మడమలు ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతున్నాడు. బావామరుదుల మధ్య ఎగతాళి కొత్త కాదు. మా వాళ్ళలో అది హక్కు. బావ ఎగతాళి చేస్తే బదులివ్వని వాణ్ణి పెళ్ళి పందిట్లో ఆడవాళ్ళు కూడా లెక్కచేయరు. నేను అన్నాను:

"ఈడైపోయిన ఎద్దు కాడి మెడ మింద పెడతానే పండుకుంటాదంట బావా. నువ్వు కాడి పెట్టకముందే పండుకునేట్టుండావు."

వాడు మడమలు ఎత్తడం ఆపాడు. తొమ్మిది దగ్గర ఆపాడు. నా వైపు తిరిగి చూశాడు. మ్యాట్ మీదకు వచ్చి నిలబడ్డాడు.

"పెట్టు," అన్నాడు.

నేను బటన్ నొక్కి పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. టీవీ ఏదో అడిగింది. మళ్ళీ నొక్కాను. కడ్డీ వాడి చేతికిచ్చాను.

పరుగెత్తాడు. మామూలుగా మెల్లగా మొదలుపెట్టేవాడు, ఈరోజు మొదటి అడుగు నుంచే తరుముతున్నట్టు పరుగెత్తాడు. మొదటి మొద్దు ఎగిరాడు. రెండోది ఎగిరాడు. మూడోదానికి ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. నేను టీవీలోంచి వచ్చిందనుకున్నాను.

వాడు పడలేదు. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. కోపంగా.

"ఎవురప్పా తన్నింది?" అన్నాడు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. "నువ్వేనా తన్నింది బావా?"

నేను తన్నలేదన్నాను. అది నిజం. నేను ఎనిమిది అడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాను. అప్పుడు పడ్డాడు.

రూపేష్ క్యాను మెట్ల మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పడుకోబెట్టి, కాలు ఎత్తిపెట్టి, ఐసు పెట్టాడు. వార్మప్ చేశారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపల బైరప్ప చెప్పాడు, చేశాను, అంతా చేశాను అని.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను.


అదే రోజు, సాయంత్రం

చిక్కబళ్ళాపుర ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మడమ వెనక నరం తెగిందట. కట్టు వేశారు. ఎనిమిది వారాలు కాలు కింద పెట్టకూడదు. అక్కడే తన కూతురు ప్రేమ ఇంట్లో ఉంటాడు.

మేఘ ఫోన్‌లో చూసి చెప్పింది. ఆ నరం తెగినప్పుడు అందరికీ వెనకనుంచి ఎవరో తన్నినట్టే అనిపిస్తుందట. అందరూ వెనక్కి తిరిగి చూస్తారట. వెనక ఎవరూ ఉండరట.


జులై 24

212. ఏమీ తినలేదు. ఎందుకు పెరిగిందో తెలీదు.


జులై 26, శనివారం

టీ అంగడి దగ్గర దర్శన్ పట్టుకున్నాడు. వాడితో ఇంకో నలుగురు. ఆ రూపేష్‌ను వదలనన్నాడు. ముసలివాళ్ళను పిలిచి, జాగ్రత్త చెప్పకుండా ఎగిరించి, కాళ్ళు విరగ్గొడుతున్నాడట. మ్యాట్ జారిందని వాళ్ళ నాన్నే చెప్పాడట. నగరసభకు, అదే మునిసిపాలిటీకి, అర్జీ ఇచ్చి వచ్చాడు.

నువ్వు అక్కడే ఉన్నావు కదా మామా, వాడు ఎప్పుడైనా జాగ్రత్తలు చెప్పాడా అని అందరి ముందూ అడిగాడు. చెప్తాడు అన్నాను. చెప్తాడా, చేయిస్తాడా అన్నాడు. టీ వేడిగా ఉందన్నాను.

ఇంటికి వచ్చి మేడ ఎక్కాను, దిగాను. మళ్ళీ ఎక్కాను. మా ఇంటావిడ ఏమైనా పోగొట్టుకున్నావా అని కింద నుంచి అడిగింది.

ఈరోజు బోర్డు రాసే రోజు. బైరప్ప పేరు పైన ఉండదు.


జులై 29, మంగళవారం

నగరసభ వాళ్ళు వచ్చి రూపేష్ మేడ తలుపుకు నోటీసు అంటించారు. ఆగస్టు 11, సోమవారం విచారణ. అంతవరకు ఆట లేదు. తప్పు రుజువైతే మేడ మూసేయాలి.

మేఘ వెళ్ళి వచ్చి చెప్పింది. టీవీ అన్నీ గుర్తు పెట్టుకుంటుందట. 22వ తేదీ ఉదయం 7.20కి బైరప్ప పేరు మీద వార్మప్ వదిలేసినట్టు అందులో ఉందట. రూపేష్ అది చూపిస్తే, వదిలేసింది నువ్వే, తొందరగా ముగించుకోవాలని నువ్వే నొక్కావు అన్నాడట దర్శన్. నేను నీళ్ళకు పోయానని రూపేష్ అంటే, ఎవరు చూశారు అన్నాడట.

నీళ్ళ క్యాను మోసుకొస్తున్నవాణ్ణి ఎవరు చూస్తారు.

బటన్ నొక్కింది ఎవరో మాత్రం టీవీకి తెలీదు.


జులై 30, బుధవారం

రూపేష్ ఇంటికి వచ్చాడు. నేను అక్కడ మరిచిపోయిన తువ్వాలు తెచ్చాడు, ఉతికించి మడతపెట్టి. వాడు నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అరిచి పంపించేవాణ్ణి. అడగకపోయేసరికి కూర్చోమన్నాను.

మజ్జిగ తాగుతూ వాడంతట వాడే మాట్లాడాడు. బైరప్ప తాత ఒక్కరోజు కూడా స్కిప్ చేయలేదు, అదే అర్థం కావడం లేదన్నాడు. మిగతావాళ్ళందరినీ బతిమాలాలి, ఆయన్ను బతిమాలాల్సిన పని లేదట. మొదటి రోజు వచ్చినప్పుడు వార్మప్ అంటే ఏమిటని కూడా అడగలేదట. రూపేష్ చెప్పడం మొదలుపెట్టగానే ఆపి అన్నాడట:

"నాకు తెలుసులేప్పా. ఎద్దులకు బండ కట్టేముందు ఉత్త కాడితో రెండు సుట్లు తిప్పల్ల. మావోడొకడు చెప్పినాడు. ఆ పొద్దు నించీ పశువుకైనా మనిషికైనా నేను అట్లే చేస్తాండా."

నేను వాణ్ణి మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు.

పేరు చెప్పాడా అని అడిగాను. చెప్పలేదట. మావోడొకడు, అంతే.

రూపేష్ పోయాక అరుగు మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. నా మాట ముప్పై ఎనిమిదేళ్ళు దాచుకుని దాని ప్రకారం నడుచుకున్నాడు. కొట్టంలో, చేలో, ఆ మ్యాట్ మీద. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, వాడు కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తడం. అది నా మాటే అని గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టకుండా దాన్నే ఎగతాళి చేశాను. తొమ్మిది దగ్గర ఆపించాను.

తన్నినట్టు అనిపించిందంటే అనిపించదా మరి.


జులై 31

నువ్వు ఆయన్ను ఏమన్నావు అని మా ఇంటావిడ అడిగింది. ఏమీ అనలేదన్నాను. నువ్వు ఏమీ అనకుండా ఆయన ఎగరడు అంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు.


ఆగస్టు 1, శుక్రవారం

చెప్పేశాను. ముందు మా ఇంటావిడకు, తర్వాత మేడ ఎక్కి రూపేష్‌కు.

రూపేష్ టీవీ వైపు చూశాడు, అది ఆగిపోయి ఉన్నా. తిడతాడనుకున్నాను. ఎదురు తిట్టడానికి మాటలు కూడా సర్దుకుని వెళ్ళాను. వాడు, రోజూ అరిచి అరిచి చెప్పేది ఇందుకే కదా తాతా అన్నాడు. అంతే. నా మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

బైరప్ప అప్పటికే కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడట. వార్మప్ అంతా చేశాను, మ్యాట్ జారింది అని. కాబట్టి నేను ఒక్కణ్ణి చెప్తే చాలదు, వాడూ చెప్పాలి.

ఆదివారం చిక్కబళ్ళాపుర పోతాను.


ఆగస్టు 3, ఆదివారం

ఏడున్నర బస్సుకు పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. దిగేసరికి ఏదీ గుర్తు లేదు.

ప్రేమ తలుపు తీసింది. రా మామా అని లోపలికి తీసుకెళ్ళింది. బైరప్ప మంచం మీద, కాలు రెండు దిండ్ల మీద. గడ్డం పెరిగింది. మీసాలకు రంగు లేదు. వాణ్ణి అలా చూడడం మొదటిసారి. ప్రేమ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నేను నిలబడే చెప్పాను. ఎద్దు మాట అన్నది నేను. బటన్ నొక్కింది నేను. నువ్వు తొమ్మిది దగ్గర ఆపావు. ఆ పిల్లవాడు కింద ఉన్నాడు. వాడి తప్పు లేదు. మనమిద్దరం చెప్పేస్తే అయిపోతుంది.

వాడు కిటికీ వైపు చూస్తూ విన్నాడు. తర్వాత అడిగాడు, నేను నీ మాటకు ఎగిరానని నువ్వు ఊరంతా చెప్తావు, కదా అని. చెప్పను, నగరసభలో చెప్తే చాలన్నాను. నగరసభ ఊళ్ళోనే ఉండాది కదా అన్నాడు.

నాకు కోపం వచ్చింది. చెప్పకూడదని అనుకుని వచ్చిన మాట చెప్పేశాను. రూపేష్ నాకు అంతా చెప్పాడు, ఎద్దుల సంగతి, రెండు చుట్ల సంగతి, మావోడొకడు అన్నావట అని.

వాడి మొహం ఎర్రబడింది. దిండ్ల మీద కాలు కదిలింది, నొప్పికి పళ్ళు బిగించాడు. నేను పట్టుకోబోతే చెయ్యి తోసేశాడు.

"నీ మాట నేను ఎప్పుడింటి? ఈ పుట్టుకలో ఒక్కసారన్నా ఇంటినా?" అన్నాడు. "మ్యాట్ జారింది. అంతే. నువ్వు చెప్తే ఎగిరేవాణ్ణా నేను? నువ్వెవురప్పా నాకు చెప్పేదానికి?"

"మీవోణ్ణి," అన్నాను.

ప్రేమ కాఫీ తెచ్చింది. ఇద్దరమూ తాగాం. ఆమె ఉన్నంతసేపు వానల గురించి, దోమల గురించి మాట్లాడాం. ప్రేమ నా గ్లాసు తీసుకుంటూ, నాన్నకు ఇక్కడ పొద్దుపోవడం లేదు, నువ్వు వచ్చావు సంతోషం మామా అంది.

బయటికి వచ్చేటప్పుడు గుమ్మంలో ఆగాను. వాడు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయినవాడి కనురెప్పలు అలా అదరవు.

ఒక పిల్లవాడి అంగడి పోయినా సరే, నా మాట విన్నానని మాత్రం అనడు. నేనైనా అనేవాణ్ణా? బస్సులో అదే ఆలోచించాను. చింతామణి వచ్చేదాకా ఆలోచించాను. అనేవాణ్ణి కాదు.


ఆగస్టు 5, మంగళవారం

వాడు చెప్పకపోతే నేను చెప్తానని నగరసభకు పోయాను. మేఘ తోడు వచ్చింది. ఆఫీసరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి, నేను తెలుగులో చెప్పింది కన్నడంలో రాసుకుని, చదివి వినిపించాడు. వేలిముద్ర కాదు, సంతకం పెట్టాను.

దర్శన్‌ను కూడా పిలిపించాడు. దర్శన్ నా కాగితం చదివి కోప్పడలేదు. నవ్వాడు. అదే బాధ.

"సార్, మా నాయనంటే మామకు ముప్పై ఎనిమిదేండ్లుగా పడదు. గూళూరు ఎద్దుల పందెం నించీ. కావాలంటే ఊర్లో ఎవురినన్నా అడగండి. మా నాయన ఇప్పుడు మంచంలో ఉండాడని, ఆయన మాట అబద్ధం చేసేదానికి వచ్చినాడు."

ఆఫీసరు బయట బెంచీ మీద ఉన్న ఇద్దరిని పిలిచి అడిగాడు. అవును సార్, ఆ ఎద్దుల కథ మాకు కూడా చాలాసార్లు చెప్పాడు అన్నారు ఇద్దరూ. ఒకడు ఎంత దూరంలో ఎద్దులు పడ్డాయో కూడా చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు.

నా నోరే నాకు సాక్షి లేకుండా చేసింది. ఈ ఊళ్ళో బైరప్ప గురించి నేను ఏం చెప్పినా, అది పాత కడుపుమంటే అనుకుంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు కష్టపడి అలా చేసుకున్నాను.

దెబ్బ తగిలినవాడు స్వయంగా చెప్తే, ఫోన్‌లో చెప్పినా సరే, వెంటనే ఫైలు మూసేస్తానన్నాడు ఆఫీసరు. లేకపోతే సోమవారం తన ముందు ఉన్న కాగితాల ప్రకారం రాయాల్సిందేనన్నాడు. ఆయన్ను ఏమనగలను.

మెట్లు దిగుతుంటే మేఘ నా చెయ్యి పట్టుకుంది. వదలమన్నాను. వదల్లేదు.


ఆగస్టు 6, బుధవారం, ఉదయం 6

ఈ పేజీ ఒక్కటి మేఘ ఫోటో తీసి ప్రేమ ఫోన్‌కు పంపుతుంది. వెనక పేజీలు తిప్పకూడదని చెప్పాను.

బైరప్ప బావకు,

నేను ఎగతాళి చేశాను. నువ్వు ఆపావు. నేను బటన్ నొక్కాను. నువ్వు ఎగిరావు. మొత్తం నాలుగు మాటలు. నావి రెండూ సంతకం పెట్టి ఇచ్చాను. నీవి రెండూ నీ దగ్గరే ఉన్నాయి. అవి లేకుండా నావి చెల్లవంటున్నారు.

నిన్న రూపేష్ వాళ్ళమ్మ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్ళతో కడుతూ కనబడింది. ఆ కుర్చీల్లో నువ్వు పట్టుకునేది కూడా ఉంది.

నాకు చెప్పొద్దు. నా మొహం చూడొద్దు. ఆఫీసరు నంబరు కింద రాశాను, ఆయనకు చెప్పు. ఆదివారం, పదో తేదీ, సాయంత్రం ఆరు లోపల.

ఆ రోజు నా మాట విన్నావా, లేదా?